మంటకు కాపలా ఎవరు?

అమెరికాలోనో కెనడాలోనో చలి ముదిరిన రాత్రి ఇంటిని వెచ్చబెట్టే ఫర్నెస్ మొరాయించే తీరు చాలాసార్లు ఒకేలా ఉంటుంది. ముందు చిన్న ఫ్యాన్ తిరుగుతుంది. మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. గ్యాస్ వాల్వ్ టక్కుమంటుంది, బర్నర్ల వరస మీద నీలిమంట పరుచుకుంటుంది. హమ్మయ్య అనుకునేలోపు, మూడు నాలుగు సెకన్లకే, మళ్ళీ టక్కుమని అంతా ఆరిపోతుంది. కాసేపాగి మళ్ళీ అదే తంతు. వరసగా కొన్నిసార్లు ఇలా జరిగాక యంత్రం ప్రయత్నం మానేసి, ఓ చిన్న దీపాన్ని మిణుకుమనిపిస్తూ ఊరుకుంటుంది. ఇంట్లోవాళ్ళు మెకానిక్‌కు ఫోన్ చేసి చెప్పేది ఒకటే: మంట నిలవడం లేదు. చాలా సందర్భాల్లో మంటకు ఏ రోగమూ ఉండదు. మంట ఉందో లేదో కనిపెట్టి చూసే పరికరానికి అది కనబడలేదు, అంతే. వందేళ్ళుగా ఆ కాపలా మనిషి చేతిలోంచి వేడి చేతికి, వేడి చేతిలోంచి కరెంటు చేతికి మారుతూ వచ్చింది. మారిన ప్రతిసారీ దాని చురుకు పెరిగింది, చురుకుతోపాటు అనుమానమూ పెరిగింది. ఈ అనుమానం భద్రత మీద శ్రద్ధతో పెరిగిందని సాధారణంగా చెబుతారు. చరిత్ర చూస్తే అసలు తోపుడు గ్యాస్ ధర నుంచి వచ్చిందనీ, భద్రత దాని వెనకాలే తప్పనిసరై నడిచిందనీ నాకనిపిస్తుంది.

బొగ్గు కాలంలో ఈ కాపలా అవసరమే లేదు. 1895లో అయోవా రాష్ట్రంలోని మార్షల్‌టౌన్‌లో డేవ్ లెనాక్స్ ఉక్కు రేకులకు రివెట్లు కొట్టి ఫర్నెస్‌లు తయారుచేయడం మొదలుపెట్టాడు. అంతకుముందరి పోతఇనుప ఫర్నెస్‌లు వేడికి బీటలిచ్చి ఇంట్లోకి పొగ వదిలేవి, ఉక్కువి ఆ బాధ తగ్గించాయి. అయినా చాకిరీ మాత్రం తగ్గలేదు. పొద్దున్నే బూడిద లాగాలి, బొగ్గు ఎత్తిపోయాలి, పడుకోబోయే ముందు నిప్పుకు నివురు కప్పి తెల్లారేదాకా నిలిచేలా చూడాలి. మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ 1885లో కనిపెట్టిన పరికరం గది చల్లబడగానే ఫర్నెస్ గాలి మూతను తనంతట తాను ఎత్తేది. తర్వాతి కాలంలో హనీవెల్‌గా ఎదిగిన వ్యాపారానికి అదే మొదలు. గమనించాల్సిందేమిటంటే ఆ పరికరం చేసిందల్లా నిప్పుకు గాలి ఎక్కువ తక్కువలు చేయడమే, నిప్పు ఉందా లేదా అని అది అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. బొగ్గు నిప్పు ఆరిపోతే ఇల్లు చల్లబడుతుంది, ఎవరో ఒకరు గొణుక్కుంటూ కిందికి దిగి మళ్ళీ రాజేస్తారు. మండుతున్నప్పుడు పొగ, విషవాయువు, అగ్నిప్రమాదం అన్నీ ఉన్నాయి గానీ ఆరిన బొగ్గు వల్ల మాత్రం ఏ హానీ లేదు. 1940 అమెరికా జనాభా లెక్కల నాటికి కూడా సగానికి పైగా ఇళ్ళు బొగ్గుతోనే వెచ్చబడుతున్నాయి.

గ్యాస్ దగ్గర లెక్క తలకిందులైంది. మండుతున్న గ్యాస్ కంటే ఆరిపోయిన మంట వెనక పారుతూ ఉన్న గ్యాస్ ప్రమాదం. గ్యాస్ ఫర్నెస్ ఆలోచన అప్పటికే పాతదే. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌కు చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళకు 1919 డిసెంబరులో గ్యాస్‌తో నడిచే ఇంటి తాపన వ్యవస్థకు పేటెంటు వచ్చింది. వేర్వేరు బర్నర్లతో గాలిని వేడిచేసి, గొట్టాల ద్వారా గదులకు పంచాలన్నది ఆమె ఆలోచన. కానీ గ్యాస్‌కు అసలు గుణపాఠం 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూలండన్ పాఠశాలలో ఎదురైంది. చమురు బావుల దగ్గర మిగిలిపోయే గ్యాస్‌ను ఆ బడి హీటర్లకు వాడుకునేవారు. వాసన లేని ఆ గ్యాస్ కారి భవనం అడుగున పేరుకుంది. వర్క్‌షాపులో విద్యుత్ సానపట్టే యంత్రం స్విచ్ వేయగానే భవనం ఎగిరిపోయింది, దాదాపు మూడు వందల మంది చనిపోయారు, వాళ్ళలో అత్యధికులు పిల్లలే. ఆ తర్వాత టెక్సాస్ చట్టసభ గ్యాస్‌లో ఘాటైన వాసన కలపడం తప్పనిసరి చేసింది, ఆ పద్ధతి మిగతాచోట్లకూ పాకింది. అంటే మొట్టమొదట కాపలా పెట్టింది మనిషి ముక్కుని. బడిలో, వంటింట్లో ఆ కాపలా పనికొస్తుంది. బేస్‌మెంట్‌లో, అర్ధరాత్రి, ఎవరూ చూడనప్పుడు తనంతట తాను వెలిగే యంత్రానికి నిద్రపోతున్న ముక్కు ఏం కాపలా కాస్తుంది?

దానికి జవాబుగా ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటి ఫర్నెస్‌లలో స్థిరపడిన పరికరం థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుందని 1821లో జర్మనీలో థామస్ సీబెక్ గమనించిన విషయమే దీనికి ఆధారం. ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంటలో ఈ అతుకు కొన మునిగి ఉంటుంది. ఆ వేడికి పుట్టేది 20, 30 మిల్లీవోల్టులు, టార్చిలైటు బ్యాటరీలో యాభయ్యో వంతు. వాల్వ్‌ను ఎత్తడానికి ఆ శక్తి చాలదు, ఎత్తిన వాల్వ్‌ను పట్టి ఉంచడానికి చాలు. అందుకే పైలట్ వెలిగించేటప్పుడు మనిషి బొత్తాన్ని వేలితో అరనిమిషమో నిమిషమో నొక్కి పట్టుకోవాలి. మొదటి బలం మనిషిది, తర్వాతి బలం మంటది. వేలు తీయగానే పైలట్ ఆరిపోతే థర్మోకపుల్ అరిగిపోయిందనో, వాల్వ్ దగ్గర దాని మర వదులైందనో, పైలట్ రంధ్రంలో దుమ్ము పేరుకుని మంట నీలంగా నిటారుగా నిలవకుండా పసుప్పచ్చగా వాలిపోతోందనో అర్థం. నాకు ఈ పరికరంలో నచ్చేది దాని నిజాయితీ. బయటి కరెంటు అక్కర్లేదు, తనను కాల్చే మంటే తనకు జీతం. మంట పోతే వాల్వ్‌ను పట్టుకున్న అయస్కాంతం వదిలేస్తుంది, స్ప్రింగు వాల్వ్‌ను మూసేస్తుంది. తప్పు జరిగితే ఎప్పుడూ మూసేవైపే జరుగుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ చిన్న కొన దేశమంతా పాకింది. టెక్సాస్ నుంచి తూర్పు తీరానికి చమురు చేరవేయడానికి యుద్ధకాలంలో వేసిన బిగ్ ఇంచ్, లిటిల్ బిగ్ ఇంచ్ గొట్టాలను 1947లో ఒక ప్రైవేటు కంపెనీకి అమ్మి సహజవాయువుకు మళ్ళించారు. అలాంటి గొట్టాలు ఇంకెన్నో పడ్డాయి. 1970 లెక్కల నాటికి సగానికి పైగా అమెరికా ఇళ్ళు గొట్టపు గ్యాస్‌తోనే వెచ్చగా ఉంటున్నాయి, బొగ్గు దాదాపు మాయమైంది. బూడిద తవ్వే చాకిరీ పోయింది. పైలట్ ఆరినప్పుడు అగ్గిపుల్లతో వెలిగించడం ఒక్కటే మిగిలింది.

థర్మోకపుల్‌కు ఒక లోపముంది, అది నెమ్మది. వేడెక్కడానికి ఎంతసేపో చల్లారడానికీ అంతసేపు. మంట పోయిందని దానికి తెలిసేసరికి పదుల సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాటుతుంది. పేలిపోగల వస్తువుకు ఇంత మందకొడి కాపలావాణ్ణి పెట్టి అన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చారంటే, పైలట్ ఉన్నందువల్లే. గంటకు 800 బీటీయూల (బీటీయూ అంటే అమెరికాలో వేడిని కొలిచే ప్రమాణం) పైలట్ ఆరిపోయిందనుకుందాం. నిమిషానికి బయటికొచ్చే గ్యాస్ అరలీటరు కూడా ఉండదు, అదీ చాలావరకు పొగగొట్టం దారి పడుతుంది. పెద్ద బర్నర్లు వెలగాలంటే పైలట్ ముందే ఉండి తీరాలి కాబట్టి, గది చల్లబడి థర్మోస్టాట్ మంట అడిగే క్షణం, పైలట్ ఆరినా థర్మోకపుల్ ఇంకా వేడిగా ఉన్న ఆ కొద్ది క్షణాల్లోనే వచ్చిపడితేనే అసలు ముప్పు. అలా కలిసిరావడం అరుదు. నిత్యం వెలిగే మంట అక్కడుంది కనుక కాపలా కాస్త కునికినా సరిపోయింది.

ఆ నిత్యదీపానికి ముప్పు 1970లలో వచ్చింది. 1973 చమురు సంక్షోభం ఇంధనం ధరను ఇంటింటి మాటగా చేసింది. 1976-77 చలికాలంలో సహజవాయువుకే కొరత వచ్చి ఫ్యాక్టరీలు, బడులు మూతపడ్డాయి. 1977 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వెట్టర్ వేసుకుని టీవీలో కనిపించి, ఇళ్ళలో పగలు 65, రాత్రి 55 ఫారెన్‌హీట్ డిగ్రీలకు మించి వేడి పెట్టుకోవద్దని కోరాడు. అలాంటి సమయంలో ఎండాకాలంలో సైతం మండే పైలట్ దుబారాగా కనిపించక ఏమవుతుంది? గంటకు 800 బీటీయూల చొప్పున ఏడాదికి 70 లక్షల బీటీయూలు. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే 14.2 కిలోల సిలిండర్లు పది దాకా ఖాళీ అయినట్టు, ఒక్క గిన్నె కూడా వేడెక్కకుండా. చలికాలంలో ఆ వేడిలో కొంత ఇంటికే చేరుతుందని పైలట్ పక్షాన చెప్పేవారు, ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. అయినా 1987 నాటి ఫెడరల్ చట్టం, 1992 నుంచి తయారయ్యే ఇంటి ఫర్నెస్‌లు ఏడాది సగటున కనీసం 78 శాతం ఇంధనాన్ని వేడిగా మార్చి తీరాలని నియమం పెట్టింది. నిత్యం వెలిగే పైలట్‌తో ఆ గీత దాటడం కష్టం. కొత్త ఫర్నెస్‌లలో పైలట్ కథ దాదాపు అక్కడితో ముగిసింది.

పైలట్ పోవడంతో ప్రతిసారీ చీకట్లోంచి పెద్ద మంటను పుట్టించాల్సి వచ్చింది. మొదట్లో కొన్ని ఫర్నెస్‌లు అవసరమైనప్పుడు నిప్పురవ్వతో చిన్న పైలట్‌ను వెలిగించేవి. తర్వాతివి ఆ మెట్టు కూడా వదిలేసి, ఎర్రగా కాలిన ఇగ్నైటర్ మీదికి నేరుగా పెద్ద బర్నర్ల గ్యాస్‌ను వదలడం మొదలుపెట్టాయి. లక్ష బీటీయూల ఫర్నెస్ నిమిషానికి 47 లీటర్ల గ్యాస్ కాలుస్తుంది. సహజవాయువు గాలిలో 5 శాతానికి చేరితే అంటుకుంటుంది. అంటే మంట పట్టకుండా ఒక్క నిమిషం గడిస్తే తొమ్మిది వందల లీటర్ల పైచిలుకు పేలుడు మిశ్రమం తయారవగలదు. నాలుగు సెకన్లకే ఆపేస్తే బయటపడేది మూడు లీటర్లు. నిమిషం ఆలోచించే థర్మోకపుల్‌కు ఇక్కడ చోటు లేదు, సెకన్లలో తీర్పు చెప్పేవాడు కావాలి. నేను ధర గురించి మొదట్లో అన్నది ఇందుకే. ఇంధనం ఆదా చేయాలని పైలట్‌ను తీశారు. తీసిన చోట ఏర్పడిన ప్రమాదం కాపలాను మరింత కటువుగా మార్చక తప్పని పరిస్థితి తెచ్చింది.

ఆ కొత్త కాపలాదారు ఫ్లేమ్ సెన్సర్. చేతిలోకి తీసుకుని చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పింగాణీ దిమ్మలోంచి పొడుచుకొచ్చిన పెన్సిల్ ముల్లంత లావు లోహపు పుల్ల, ఒక తీగ, ఒక స్క్రూ. మంటలో అయాన్లు ఉంటాయి కాబట్టి మంట గుండా విద్యుత్తు కొంచెం పారుతుంది. పుల్ల చిన్నది, ఎదురుగా భూమికి కలిపిన బర్నర్ పెద్దది. అందువల్ల పుల్లకు అటూ ఇటూ మారే కరెంటు ఇస్తే మంట దాన్ని ఒక దిక్కుకు ఎక్కువగా, మరో దిక్కుకు తక్కువగా పోనిస్తుంది. మిగిలేది ఒకే దిక్కుకు పారే సన్నటి ధార, సాధారణంగా 1 నుంచి 6 మైక్రోఆంపియర్లు. దీనిలోని తెలివి ఏమిటంటే దొంగ సాక్ష్యం చెల్లదు. తీగ తెగి బర్నర్‌కు తగిలితే కరెంటు రెండు దిక్కులా సమంగా పారుతుంది, ఫర్నెస్‌ను నడిపే కంట్రోల్ బోర్డు దాన్ని మంటగా ఒప్పుకోదు. ఒకవైపు మొగ్గిన ధార ఇవ్వగలిగింది మంట ఒక్కటే. దీని బలహీనత కూడా ఈ సన్నదనంలోనే ఉంది. ఇంటి దుమ్ము, గోడల మరమ్మతు పొడి, సిలికోన్ కలిసిన స్ప్రేల ఆవిరి ఆ మంటలో కాలి, పుల్ల చుట్టూ గాజులాంటి సన్నని తెల్లపొరగా పేరుకుంటాయి. ఆ పొర కరెంటును ఆపుతుంది. ధార ఒక మైక్రోఆంపియర్ లోపుకు పడిపోతే, మంట నిండుగా మండుతున్నా బోర్డు లెక్కలో అక్కడ మంట లేదు. కరెంటు తీసి, గ్యాస్ కట్టి, ఆ పుల్లను స్టీల్ ఉన్నితో తేలిగ్గా రుద్ది మళ్ళీ బిగిస్తే చాలా ఫర్నెస్‌లు లేచి కూర్చుంటాయి. మెకానిక్ పది నిమిషాల్లో చేసి వెళ్ళే పని చాలాసార్లు ఇదే.

ఇక్కడ అనుభవజ్ఞులైన ఇంటి యజమానుల అభ్యంతరం ఒకటుంది. పాత ఫర్నెస్‌లు ముప్పై నలభై ఏళ్ళు నడిచాయి, ఇవి నాలుగేళ్ళకోసారి ఏదో ఒకటి పెట్టుకుంటాయి, ఇదంతా కంపెనీలు విడిభాగాలు అమ్ముకోవడానికి చేసిన ఏర్పాటేనంటారు. కొంత లెక్క సరిచూడాలి. పాతవాటిలో మన కళ్ళెదుట మిగిలినవి గట్టివి మాత్రమే, పాడైనవి ఎప్పుడో తుక్కుకు పోయాయి. పైలట్‌లు కూడా గాలికీ సాలెగూళ్ళకూ ఆరిపోతూనే ఉండేవి. తేడా ఏమిటంటే ఆ చెడు కంటికి కనపడేది, అగ్గిపుల్లతో ఇంట్లోవాళ్ళే బాగుచేసుకునేవారు. ఇప్పుడు చెడు ఒక మిణుకు దీపపు సంకేతంగా మారింది, దాన్ని చదివేవాడు వేరే మనిషి. పరికరం నాణ్యత తగ్గిందనడం కంటే ఇంటివాడి చేతిలోంచి మరమ్మతు జారిపోయిందనడం నిజానికి దగ్గర. ఆ నష్టాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

దీనికంటే గట్టి అభ్యంతరం మరొకటి. కాపలా ఉత్తినే అనుమానపడుతోందని తేల్చేస్తే, నిజంగా ప్రమాదం ఉన్నప్పుడు కూడా జనం ఆ మాటే అనుకుంటారు గదా? అవును, అలా అనుకుని సేఫ్టీ స్విచ్‌లకు అడ్డంగా తీగ కట్టి ఫర్నెస్ నడిపేవాళ్ళు ఉన్నారు. అందుకే ఏ కాపలా ఆపిందో తెలియాలి, దానికి గడియారమే సాక్షి. వెలిగిన మూడు నాలుగు సెకన్లకు ఆరితే అనుమానం సెన్సర్ మీద. అసలు వెలగకముందే ఆగిపోతే, పొగను బయటికి లాగే ఫ్యాన్ తగినంత లాగుతోందో లేదో చూసే ప్రెషర్ స్విచ్ మీద. 1982లో లెనాక్స్ కంపెనీ తెచ్చిన పల్స్ లాంటి, తొంభై శాతం సామర్థ్యం దాటిన ఫర్నెస్‌లలో పొగలోని ఆవిరి నీరుగా కారుతుంది. ఆ నీటి గొట్టం పూడుకుపోయినా ఈ స్విచ్ ఒప్పుకోదు. అయిదారు నిమిషాలు బాగా మండి ఆరితే లోపల వేడి మితిమీరిందని, చాలాసార్లు ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందని అర్థం. వేడిగాలి ఫ్యాన్ మొదలైన క్షణాన మంట ఊగిసలాడి ఆరితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పొగనూ ఇంటిగాలినీ విడదీసే హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలి ఉండొచ్చు, కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి రావొచ్చు. మంట బర్నర్ దాటి బయటికి నాలుక చాపితే తెగే రోలౌట్ స్విచ్ అయితే ఊరికే తెగదు. ఈ రెండింటి జోలికి స్టీల్ ఉన్నితో వెళ్ళకూడదు, ఫర్నెస్ ఆపేసి తెలిసినవాణ్ణి పిలవాలి. ఒకదాని తర్వాత ఒకటిగా చేరిన కాపలాలన్నీ ఒకే ఫలితం చూపిస్తాయి, చల్లటి ఇల్లు. తమ తమ కారణాలు చెప్పేది మాత్రం వేర్వేరు క్షణాల్లో.

మూడో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. థర్మోకపుల్ మంట జీతం మీద బతికింది, ఫ్లేమ్ సెన్సర్ కరెంటు జీతగాడు. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్ళకు, వ్యాపార సంస్థలకు, వేలాది తెలుగు కుటుంబాలున్న డాలస్ శివార్లతో సహా, కరెంటు పోయింది. చాలా ఇళ్ళకు గొట్టంలో గ్యాస్ వస్తూనే ఉంది, ఫర్నెస్ మాత్రం చల్లగా నిలబడింది. పైలట్ కాలం నాటి ఫర్నెస్ ఉండుంటే బతికిపోయేవాళ్ళమని అనుకోవడం సహజం, కానీ అది సగమే నిజం. ఫ్యాన్‌తో గాలిని తోసే ఫర్నెస్‌కు పైలట్ ఉన్నా కరెంటు లేకపోతే పని జరగదు. మిల్లీవోల్టులతోనే నడిచే గోడ హీటర్లు, ఫ్యాన్ లేని నేల ఫర్నెస్‌లు మాత్రమే అలాంటి రాత్రి పనిచేస్తాయి. పైగా చిన్న జనరేటర్ తెచ్చి పెట్టుకున్నవాళ్ళలో కొందరికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. జనరేటర్‌లో న్యూట్రల్ భూమికి కలిసి లేకపోతే సెన్సర్ ధార వలయం పూర్తవదు, ఫర్నెస్ వెలిగి మూడు సెకన్లకు ఆరిపోతుంది. అప్పుడు పుల్లను ఎంత రుద్దినా ప్రయోజనం లేదు.

తెలుగు ఇళ్ళకు ఫర్నెస్‌లు లేకపోయినా గ్యాస్ ఉంది. మన గ్యాస్ పొయ్యిల్లో అత్యధికం ఇప్పటికీ 1937 తర్వాతి టెక్సాస్ దశలోనే ఉన్నాయి. సిలిండర్‌లో ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు, మిగిలిన కాపలా ముక్కుదే. పాలు పొంగి మంట ఆరితే గ్యాస్ పారుతూనే ఉంటుంది, పక్కగదిలో ఉన్నవాళ్ళకు వాసన తగిలేదాకా. పొయ్యి ముందు మనిషి ఉంటాడన్న నమ్మకం మీద ఆ ఏర్పాటు నిలబడింది. ఎవరూ లేనప్పుడు వెలగాల్సి వచ్చింది కనుకే ఫర్నెస్‌కు కాపలా ముందుగా వచ్చింది. మంట ఆరితే తనంతట తాను మూసుకునే గ్యాస్ పొయ్యిలు ఇక్కడా దొరుకుతున్నాయి. వాటి బర్నర్ పక్కన నిలబడి ఉండే చిన్న కొన చాలావాటిలో సీబెక్ నాటి థర్మోకపులే, అందుకే వాటిని వెలిగించేటప్పుడూ నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి.